గొట్టం వద్దంటే నేరమవుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 81 ఏళ్లు. డిమెన్షియా వల్ల మూడేళ్లుగా వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు, ముద్ద మింగలేకపోతోంది. ఆసుపత్రిలో పొట్టలోకి గొట్టం వేయించండి, లేదంటే ఇంటికి తీసుకువెళ్లండి అని కేంద్రంవారు అంటున్నారు. ‘నాకు గొట్టాలు పెట్టించొద్దు’ అని అమ్మ బాగున్న రోజుల్లో పలుమార్లు చెప్పింది కానీ రాసి పెట్టలేదు. విదేశంలో ఉన్న అన్నయ్య వేయించాల్సిందే అంటున్నాడు. ఐదేళ్ల కిందట అమ్మ నాకు రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. గొట్టం వద్దని నేను సంతకం చేస్తే నేరమవుతుందా?

జవాబు: పద్ధతి ప్రకారం నడిచినంతవరకు కాదు. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం మన చట్టంలో నేరమే. కానీ నయంకాని జబ్బు చివరి దశలో ఉన్నవారికి, బాధను పొడిగించడం తప్ప మరో ప్రయోజనం లేని చికిత్సను మొదలుపెట్టకపోవడం, లేదా ఆపివేయడం వేరు. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న స్పష్టం చేసింది. గొట్టంతో ఆహారం ఎక్కించడం వైద్య చికిత్సేనని 1993లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) ఇచ్చిన తీర్పును కూడా మన సుప్రీంకోర్టు విస్తృతంగా చర్చించింది.

మీ దగ్గరున్న పవర్ ఆఫ్ అటార్నీని మాత్రం నమ్ముకోవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా ముగిసిపోతుంది. సరిగ్గా ఎప్పుడు అవసరమవుతుందో అప్పుడే అది చెల్లకుండా పోతుందన్న సంగతి చాలా కుటుంబాలకు ఆసుపత్రి కౌంటరు దగ్గరే తెలుస్తుంది. మీరు మాట్లాడగలిగేది కూతురిగా, అంటే దగ్గరి బంధువుగా. సుప్రీంకోర్టు 2018 తీర్పులో కొడుకు మాటకు ఒక బరువు, కూతురి మాటకు ఒక బరువు అని లేదు.

ముందస్తు వైద్య నిర్దేశ పత్రం (చివరి దశలో ఏ చికిత్స వద్దో రోగి ముందే రాసిపెట్టే కాగితం) లేనప్పుడు ఏం చేయాలో కూడా ఆ తీర్పు చెప్పింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని కొంత సులభం చేశారు. చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రి ప్రాథమిక వైద్య మండలిని వేస్తుంది. వారు మీతో మాట్లాడి, లాభనష్టాలు వివరించి, లిఖితపూర్వక అంగీకారం తీసుకుంటారు. రెండో మండలి కూడా పరిశీలించి ఒప్పుకోవాలి. రెండూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి; అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. మండలి నిరాకరిస్తే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. సంరక్షణ కేంద్రాలలో ఇలాంటి మండళ్లు ఉండవు. అందువల్ల పాలియేటివ్ (నయంకాని జబ్బులో బాధను తగ్గించే వైద్యం) విభాగం ఉన్న ఆసుపత్రిలో ఒకసారి పరీక్ష చేయించి, అక్కడి వైద్యుల అభిప్రాయాన్ని కాగితం మీద తీసుకోండి.

అన్నయ్యగారితో కోర్టులో కాదు, ఆ వైద్యుడి ఎదుట వీడియో కాల్‌లో మాట్లాడించండి. ఆయన భయం అమ్మ ఆకలితో పోతుందేమోనని. ఆ భయాన్ని తక్కువ చేసి చూడకండి. అయితే ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఆయుష్షు పెంచుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోకుండా ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. అందుకే వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దానికి బదులు జాగ్రత్తగా చేత్తో తినిపించమని సూచిస్తుంది. తల ఎత్తిపెట్టి, చెంచాలో నాలుగో వంతు మాత్రమే నాలుక మీద వేసి, గొంతు కదిలిందని చూశాక మరో చెంచా. నోరు తిప్పుకుంటే అక్కడితో ఆపడం. దీనికి ఏ మండలి అనుమతీ అక్కర్లేదు. నొప్పికి మార్ఫిన్ వాడడం కూడా చట్టబద్ధమే. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది అది రోగులకు సులువుగా అందాలనే.

కేంద్రం విషయానికొస్తే, చేరేటప్పుడు మీరు సంతకం చేసిన ఒప్పందాన్ని బయటకు తీయండి. అందులో లేని కారణంతో పంపించేస్తామంటే, సేవా లోపంగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే అవకాశం ఉంటుంది. కానీ వారు భయపడుతున్నది సాధారణంగా బాధ్యత తమ మీద పడుతుందనే. వైద్యుడి అభిప్రాయం చేతికి వస్తే చాలావరకు దారికి వస్తారు.

మతిమరుపు తొలిదశలోనే ఉన్న పెద్దలు మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటే, గ్రహించే శక్తి ఉండగానే నిర్దేశ పత్రం రాయించండి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఇప్పుడు సరిపోతాయి.

ఇక అమ్మగారు అన్న మాటలు ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నారో తేదీలతో సహా ఈ వారమే రాసి, విన్నవారి సంతకాలు తీసుకోండి. వైద్యుల నిర్ణయాన్ని ఆమె ఫైలు మొదటి పేజీలోనే పెట్టించండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే అంబులెన్సు పిలవాలో, పక్కన కూర్చుని చేయి పట్టుకోవాలో రాత్రి డ్యూటీ ఆయమ్మకు అందులో కనిపించాలి.