పాస్టర్ చేతిలో యూనివర్సిటీ పెడితే సైన్స్ గతి ఏంటి?

19వ శతాబ్దంలో అమెరికా కాలేజీలు చాలావరకు పాస్టర్ల చేతుల్లోనే ఉండేవి కదా, మరి సైన్స్‌ని తొక్కేయలేదా అని అడిగారు. ప్రిన్స్‌టన్‌ని నడిపిన పాస్టర్ జేమ్స్ మెకాష్ సంగతి చదివాక నేనైతే అంత తేలిగ్గా అవుననలేను. న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఇండియా నుంచి ఎవరొచ్చినా ప్రిన్స్‌టన్ క్యాంపస్‌కి తీసుకెళ్లేవాణ్ణి, అక్కడ మెకాష్ హాల్, మెకాష్ వాక్ అని ఎటు చూసినా ఈ పేరే, ఎవర్రా ఈయన అని మా మామయ్య పట్టుకుంటే ఆ వంకతో చదివా.

1811లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. 1843లో అక్కడి చర్చి చీలినప్పుడు, భూస్వాములు పాస్టర్లని నియమించడమేంటని జీతం, ఇల్లు వదులుకుని వందలమంది పాస్టర్లు బయటికొచ్చేశారు, వాళ్లలో ఈయనొకడు. తర్వాత బెల్‌ఫాస్ట్‌లో ప్రొఫెసర్, 1868లో ప్రిన్స్‌టన్ ప్రెసిడెంట్. అప్పట్లో దాని పేరు కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ, సివిల్ వార్‌తో దక్షిణాది స్టూడెంట్స్ వెళ్లిపోయి డీలా పడి ఉంది. యూనివర్సిటీ అని పేరు మార్చింది 1896లో, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

అసలు విషయం ఏంటంటే, వచ్చి వారం తిరక్కుండానే సీనియర్ క్లాసులకి నేను ఎవల్యూషన్‌కి అనుకూలమే, కాకపోతే దానికి హద్దులున్నాయి అని చెప్పేశాడు. అదే ఊళ్లో పాస్టర్లని తయారుచేసే సెమినరీలో చార్లెస్ హాడ్జ్ అనే పెద్దాయన, ఆయనా మెకాష్ లాగే ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాడే, డార్వినిజం అంటే నాస్తికత్వమేనని 1874లో ఏకంగా పుస్తకం రాశాడు. మెకాష్ లెక్క వేరు, జీవులు మారుతూ వచ్చాయంటే దేవుడు ఆ పద్ధతిలో సృష్టించాడనుకోవచ్చుగా, సైన్సా దేవుడా తేల్చుకోండని కుర్రాళ్లని నిలదీస్తే వాళ్లు దేవుణ్ణే వదిలేస్తారు అని. నిజాయితీ ఉంది, కాస్త లౌక్యమూ ఉందనిపిస్తుంది నాకు.

అలాగని అన్నిట్లో ఉదారం కాదండోయ్. రోజూ చాపెల్ ప్రార్థన తప్పనిసరి. ఏ సబ్జెక్ట్ కావాలంటే అది తీసుకోనివ్వాలని హార్వర్డ్ ప్రెసిడెంట్ ఎలియట్ అంటే, 1885లో న్యూయార్క్‌లో డిబేట్‌కి దిగి మరీ ఎదిరించాడు, కాలేజీ మొదటి ఏళ్లలో లాటిన్, గ్రీకు, మ్యాథ్స్ లాంటివి చదవాల్సిందే, ఛాయిస్ పై క్లాసుల్లోనే అని. ఎం.ఎస్.లో జీపీఏ కోసం ఈజీ ఎలెక్టివ్స్ ఏరుకున్న మా బ్యాచ్‌ని తలుచుకుంటే, ఈ ఒక్క విషయంలో నా ఓటు పాస్టర్ గారికే.

ఇంకోటి, ఆయన భార్య ఇసబెల్లా గురించి కూడా చదవండి. జబ్బు పడ్డ స్టూడెంట్స్ గదులకి వెళ్లి స్వయంగా చూసుకునేదట, తర్వాత కాలేజీ ఆసుపత్రికి ఆవిడ పేరే పెట్టారు.