నీళ్ళు కొలిచే ముందు

చిన్నీ,

సీటొచ్చిందని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. సంతోషం. వెంటనే మీ నాన్న ఫోన్ లాక్కుని "సహజ వనరుల సంరక్షణ అంటే ఏం చేస్తారు వదినా, మొక్కలు నాటుతారా? ఉద్యోగాలొస్తాయా?" అని అడిగాడు. ఆయన సంగతి తర్వాత. నువ్వు చెన్నైలో హాస్టల్‌కి చేరకముందే నీకు కొన్ని సంగతులు రాయాలనిపించింది. ముప్పై ఏళ్ళు బావుల చుట్టూ తిరిగినదాన్ని, ఎక్కడ బోర్లాపడతామో నాకు బాగా తెలుసు.

ముందు నా తప్పే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెన్నైకి ఉత్తరాన పొన్నేరి వైపు బావుల్లో నీటిమట్టం కొలవమని పంపారు. పని సులువే. స్టీలు టేపు చివర సుద్ద రుద్ది బావిలోకి దించుతాం. నీళ్ళు తగిలినంత మేర సుద్ద రంగు మారుతుంది. దించిన పొడవులోంచి తడిసినంతా తీసేసి, బావి గట్టు ఎత్తు కూడా తీసేస్తే నేల మీదనుంచి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. కొత్తవాళ్ళు గట్టు ఎత్తు మర్చిపోతారు. నేను మర్చిపోలేదు. ఒక బావిలో కిందటి నెలకంటే రెండు మీటర్లు దిగిపోయిందని గొప్పగా రాసుకొచ్చాను. మా పై అధికారి పుస్తకం చూసి ఒకటే అడిగారు: "మోటారు ఆపి ఎంతసేపైంది?"

నేను అడిగితే కదా! మర్నాడు మళ్ళీ వెళ్తే ఆ ఇంటావిడ నవ్వింది. "నువ్వొచ్చే ముందే కదమ్మా మడి తడిపి మోటారు కట్టేశాం" అంది. నీళ్ళు రాత్రికి రాత్రి మామూలు చోటికి వచ్చేశాయి. టేపు సరిగ్గానే చెప్పింది, నేనే నోరు తెరవలేదు.

ఆ ఊళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, కాబట్టి ఆవిడ కబుర్లు పెట్టుకుంది. ఈ మధ్య ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకడం లేదని చెప్పింది. నేను తలాడించి వచ్చేశాను. పుస్తకంలో అలాంటివాటికి గడి లేదు మరి. తర్వాత ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూస్తే నీళ్ళు ఉప్పు. మీంజూరు, పొన్నేరి సముద్రానికి దగ్గర. నగరానికీ ఫ్యాక్టరీలకీ పొలాలకీ అక్కడి నేలలోంచి ఏళ్ళ తరబడి తోడేశారు, ఖాళీ అయిన చోటికి సముద్రం లోపలినుంచే నడిచి వచ్చింది. సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే, కింద ఉప్పునీటి హద్దు సుమారు 40 మీటర్లు పైకి జరుగుతుందని ఒక లెక్క ఉంది. క్లాసులో అది చెప్పినప్పుడు ఆవిడ పప్పు గిన్నెని గుర్తుచేసుకో. అదే మీంజూరు పక్కన, సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే ప్లాంటు 2010లో మొదలైంది. దాని సామర్థ్యం రోజుకి 10 కోట్ల లీటర్లు. ఒకప్పుడు ఉత్త పుణ్యానికి దొరికినవాటిని కరెంటు ఖర్చుపెట్టి తయారుచేసుకుంటున్నాం.

పుస్తకాలతో ఇంకో చిక్కు. దేశమంతటా భూగర్భ జలాలు ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తారు, అందులో నవంబరు కొలతని 'వర్షాకాలం తర్వాత' అంటారు. చెన్నైలో నవంబరు నడి వానాకాలం! ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నువ్వు ఆ నవంబరు అంకె తీసుకుని బావులు ఇంతే నిండాయని రాస్తే ఇక్కడివాళ్ళు నవ్వుతారు, జనవరిది చూడాలి. ఏ పట్టిక చేతికొచ్చినా ఏ ఊరి క్యాలెండరుతో వేశారో ముందు అడుగు.

ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల సాఫ్ట్‌వేరు నేర్చుకో, అవి లేకపోతే ఇప్పుడు పని జరగదు. క్యూజీఐఎస్ ఉచితమే, ఎండాకాలం సెలవుల్లో కూర్చుంటే వచ్చేస్తుంది. కాకపోతే గుర్రపుడెక్క కప్పేసిన చెరువు పైనుంచి పచ్చటి పొలంలా కనిపిస్తుంది. దాన్ని పొలమని రంగు వేసిన పిల్లల్ని నేను చూశాను. బస్సెక్కి వెళ్ళి చూడాల్సిందే. పళ్ళికరణై చిత్తడినేలతో మొదలుపెట్టు. మన పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలు అక్కడా దిగుతాయి, పక్కనే పెరుంగుడి చెత్తకుప్ప ఉంటుంది. 2022లో అంతర్జాతీయంగా కాపాడాల్సిన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కినా ఆ కంపు మాత్రం పోలేదు.

తమిళం నేర్చుకో, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. నాయుడుపేట పిల్లవి, చెరువూ, నీళ్ళు వదిలే తూమూ, ఎక్కువైనవి పొర్లిపోయే కలుజూ నీకు కొత్త కాదు. ఇక్కడ వాటినే ఏరి, మదగు, కలింగల్ అంటారు. ఈ మూడు మాటలు తెలిస్తే గట్టు మీద ముసలాయన నీతో పది నిమిషాలు ఎక్కువ మాట్లాడతాడు. ఊళ్ళోకి వెళ్ళగానే అంగన్‌వాడీ టీచరుని పలకరించు. అందరి సంగతులూ ఆవిడకి తెలుసు, పైగా బాత్రూం ఎక్కడని మొహమాటం లేకుండా అడగొచ్చు. ఈ రెండోది ఏ ప్రొఫెసరూ చెప్పడు.

ఇక మీ నాన్న ప్రశ్న. కాలుష్య నియంత్రణ మండళ్ళు, అటవీ శాఖ పరీక్షలు, తరమణిలో స్వామినాథన్ ఫౌండేషన్ లాంటి పరిశోధన సంస్థలు, కన్సల్టెన్సీలు ఉన్నాయి. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేరువాళ్ళంత ఉండవని ఆయనకి ఇప్పుడే చెప్పేయ్, తర్వాత టెన్షన్ ఉండదు. కన్సల్టెన్సీకి వెళ్తే మాత్రం ఒక్కటి గుర్తుంచుకో. పర్యావరణ నివేదికకి డబ్బిచ్చేది ఆ ప్రాజెక్టు కట్టేవాళ్ళే. నువ్వు వెళ్ళని ఊరి గురించి సంతకం పెట్టకు.

2019 జూలైలో ఈ నగరానికి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. దిగింది మా విల్లివాక్కంలోనే. అంతకు నాలుగేళ్ళ ముందు మునిగిన ఊరే ఇది. ఆ 2019 జూన్‌లో మా పెరటి బావిలో టేపు అడుగుదాకా దించితే సుద్ద తెల్లగానే పైకొచ్చింది. ముప్పై ఏళ్ళలో అలా చూడటం అదే మొదటిసారి. రిటైరయ్యాక ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ బావి కొలిచి పాత డైరీలో రాస్తున్నాను. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. వచ్చే నెల నుంచి ఆ పని నీది. పొద్దున్న ఆరుకల్లా రా, కిందింటివాళ్ళు మోటారు వేసేలోపు. టేపు నా దగ్గరుంది, సుద్ద అయిపోయింది, తీసుకురా.

మీ పెద్దమ్మ