సూది పేరు తర్వాత, ముందు కీలులో నీరు తీయించండి

నాలుగు నెలల పందులు రెండు వెనక కాళ్ళు కుంటుతున్నాయి, కీళ్ళు వాచాయి, ఏ బాక్టీరియానో ఎలా తెలుస్తుంది, ఏ సూది వేయాలి అని అడిగారు కదా అన్నా. సూది పేరు నేను చెప్పను. ఇంకా ఒక్క సూది కూడా పడని పందికి వాచిన కీలు నుంచి నీరు తీయించండి.

మాది చంద్రగిరి దగ్గర షెడ్డు. మూడేళ్ళ కిందట మీలాగే ఒక పంది పొద్దున్నే మేత తొట్టి దగ్గరకు రాలేదు, కుక్క కూర్చున్నట్టు కూర్చుండిపోయింది. ఎముక విరిగిందేమో, పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు మా మామ. మందుల షాపులో అడిగితే పెన్సిలిన్ ఇచ్చారు, మూడు రోజులు వేశాను, తగ్గలేదు. అప్పుడు దాని కీలు నీటిని పరీక్షకు పంపితే క్రిమి ఏదీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. డబ్బులు పోయాయి, ఈలోపు ఇంకో రెండు పడ్డాయి. రాత్రంతా టెన్షన్.

మందు పడ్డ పందిలో క్రిమి దొరకకపోవచ్చు, మందు పడని పందిని చూపించమన్నారు పశువుల డాక్టర్ గారు. ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం. మడమ కీలు మీద వెంట్రుకలు గీసి, స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి సూది పెడితే సిరంజిలోకి లేత పసుపు నీరు వచ్చింది, అందులో సన్నని తెల్లటి పోగులు. ఐస్ డబ్బాలో పెట్టుకుని బండి మీద తిరుపతికి పరిగెత్తాను. క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్షలో మైకోప్లాస్మా హయోసైనోవియే అనే బాక్టీరియా అని తేలింది. దానికి కణకవచమే లేదు, పెన్సిలిన్ దెబ్బతీసేది ఆ కవచాన్నే, ఇక ఎలా పనిచేస్తుంది? ల్యాబులో క్రిమిని పెంచి చూసే మామూలు కల్చర్‌లోనూ అది పెరగదు. డాక్టర్ గారు లింకోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్ రాశారు, వారంలో లేచి తిరిగాయి.

పెన్సిలిన్ చెడ్డదని కాదు. ఒంటి మీద డైమండ్ ఆకారంలో ఎర్రమచ్చలు లేచే ఎర్సిపెలాస్ జబ్బుకు అది బాగా పనిచేస్తుంది, ఒకసారి అలా తగ్గిందని ప్రతి కుంటికీ అదే పొడుస్తారు మనవాళ్ళు. పాలు తాగే పిల్లల్లో ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా, బొడ్డు నుంచో, గరుకు సిమెంటు నేలకు గీరుకుపోయిన మోకాళ్ళ నుంచో లోపలికి పోతుంది. షెడ్డు కట్టేటప్పుడు రేకులకు లక్షలు పెడతారు, నేల నున్నగా చేయించమంటే మాత్రం మేస్త్రీకి చెప్పరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. పాలు మాన్పించాక జ్వరంతో కీళ్ళు వాస్తే స్ట్రెప్టోకాకస్ సూయిస్, గ్లాసరెల్లా అనే బాక్టీరియాలను అనుమానించాలి. వయసు అనుమానానికే పనికొస్తుంది, తేల్చేది పరీక్షే.

నెలల తరబడి కుంటుతున్న పందిని చూపించకండి, పాత కీలులో చాలాసార్లు క్రిమి దొరకదు. నిన్నో మొన్నో కుంటడం మొదలుపెట్టినదాన్ని చూపించండి. చచ్చిపోతే కీలు కోయకుండా కాలు మొత్తం ఐస్ మీద పంపండి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించవద్దు. గ్లాసరెల్లా బయటి వేడికి త్వరగా చస్తుంది, మన ఎండల్లో ఆలస్యం అసలే పనికిరాదు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి అన్నా, స్ట్రెప్టోకాకస్ సూయిస్, ఎర్సిపెలాస్ రెండూ చేతి మీది చిన్న గాయం నుంచి మనకూ అంటుకుంటాయి.