లెట్రోజోల్ వాడుతున్న అమ్మకు ఒళ్లంతా నొప్పులు: ఇది ఫైబ్రోమయాల్జియానేనా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: అమ్మగారికి 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ కోసం ఎడమ రొమ్ముతో పాటు చంకలో లింఫ్ నోడ్స్ (లింఫ్ గ్రంథులు) కూడా తీశారు. పాక్లిటాక్సెల్ కీమో, రేడియేషన్ అయిపోయాయి. ఎనిమిది నెలలుగా లెట్రోజోల్ (ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే మాత్ర) 2.5 మి.గ్రా. రోజూ ఒకటి. ఒళ్లంతా నొప్పులంటే ఒక డాక్టరు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నెలల తరబడి నొప్పి, బడలిక, నిద్ర చాలనట్టు ఉండే జబ్బు) అన్నారు, చుట్టాలు జబ్బు తిరగబెట్టిందేమో అంటున్నారు.

తికమకంతా "ఒళ్లంతా నొప్పులు" అన్న మాటతోనే వస్తుంది. ఇన్ని చికిత్సలు అయినవాళ్లకు రెండు మూడు రకాల నొప్పులు ఒకేసారి ఉండొచ్చు, దేని మందు దానిది. ముందు ఒక తెల్లకాగితం మీద మనిషి బొమ్మ ముందూ వెనకా గీయండి. మంట ఎక్కడ, సలుపు ఎక్కడ, తిమ్మిరి ఎక్కడ, పట్టేసినట్టు ఎక్కడ ఉందో ఆవిడ చేతే వేరే వేరే రంగుల్లో గుర్తు పెట్టించి, ఏ పూట ఎక్కువో పక్కన రాయండి. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో నోటితో చెప్పేదానికన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

చంక, భుజం కింద లోపలివైపు, ఆపరేషన్ చేసిన ఛాతీ భాగం మండుతూ, మొద్దుబారినట్టు, జాకెట్టు తగిలినా చురుక్కుమంటుంటే అది నరం నొప్పి. చంకలోంచి పోయే ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం ఆపరేషన్‌లో తెగినా సాగినా ఇలా ఉంటుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని పోస్ట్ మాస్టెక్టమీ పెయిన్ అంటారు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. డాక్టరు గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి రాయొచ్చు. ఇంట్లో చేయగలిగింది: దూదితో ఆ చోట మెల్లగా ఐదు నిమిషాలు రాయడం, రోజుకు మూడు నాలుగు సార్లు. అది అలవాటయ్యాక మెత్తటి గుడ్డ, తర్వాత టవల్. ఒక జాగ్రత్త, ఇసుక మూట కాపడం అక్కడ పెట్టొద్దు. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, కాలి బొబ్బ లేచాక గానీ చూసుకోరు. నోడ్స్ తీసిన వైపు చేతికి వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఆ చేతికీ వేడి కాపడం వద్దు.

పాదాలు, వేళ్ల చివర్లు సూదులతో గుచ్చినట్టు, మేజోళ్లు వేసుకున్నట్టు ఉంటే అది పాక్లిటాక్సెల్ వల్ల. కీమో ఆగాక నెలల తరబడి ఉండొచ్చు. నొప్పితో కూడిన ఈ తిమ్మిర్లకు ఇప్పటికి ఆధారం గట్టిగా ఉన్న మందు డ్యులోక్సెటిన్. సాధారణంగా వారం పాటు 30 మి.గ్రా., తర్వాత 60. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, వికారం వస్తాయి.

ఇక లెట్రోజోల్. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోకపోవడం, తడిబట్ట పిండలేకపోవడం, కుక్కర్ మూత తీయలేకపోవడం, మోకాళ్లు పట్టేయడం, కాస్త అటూ ఇటూ తిరిగాక సడలడం దీని గుర్తులు. ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లో మొదలవుతాయి. ఈ రకం మాత్రలు వాడేవాళ్లలో సుమారు సగం మందికి కీళ్ల నొప్పులుంటాయి. రాత్రిళ్లు బొటనవేలి వైపు మూడు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, రాత్రి మణికట్టు నిటారుగా ఉంచే స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. నొప్పి మాత్రవల్లేనా అని తేల్చడానికి ఆంకాలజిస్టు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడమనవచ్చు. తగ్గితే అదే రకం మాత్రలైన అనాస్ట్రోజోల్‌కో ఎక్సెమెస్టేన్‌కో మారుస్తారు. ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడడం తరచూ జరిగేదే. ఎవరికీ చెప్పకుండా మానేయడం మాత్రం చేయొద్దు. నొప్పులకు భయపడి చాలామంది చేసే పెద్ద తప్పు అదే, జబ్బు తిరగబెట్టకుండా కాస్తున్నది ఆ మాత్రే.

ఇప్పుడు ఫైబ్రోమయాల్జియా సంగతి. 2016లో సవరించిన కొలమానంలో ఒంట్లో 19 చోట్లు లెక్కపెడతారు. గత వారంలో ఎన్ని చోట్ల నొప్పి ఉందో ఒక స్కోరు. బడలిక, నిద్రపోయి లేచినా నిద్రపోయినట్టు లేకపోవడం, మతిమరుపు తికమక, వీటితో పాటు తలనొప్పి, కడుపునొప్పి, దిగులు కలిపి 12కి ఇంకో స్కోరు. మొదటిది 7 లేక ఆపైన, రెండోది 5 లేక ఆపైన ఉండాలి, లేదా మొదటిది 4 నుంచి 6, రెండోది 9 లేక ఆపైన. నొప్పి ఒంటి ఐదు భాగాల్లో (పై కుడి, పై ఎడమ, కింది కుడి, కింది ఎడమ, మెడ-వీపు-నడుము) కనీసం నాలుగింట, మూడు నెలలుగా ఉండాలి. చిక్కేమిటంటే, ఛాతీ, భుజం, పై చెయ్యి ఆ 19లో ఉన్నాయి, అంటే ఆపరేషన్ నొప్పే మూడు మార్కులు వేసేస్తుంది. బడలిక, మతిమరుపు కీమో తర్వాత ఎలాగూ ఉంటాయి. మరోవైపు చేతివేళ్లు, మోకాలి కీళ్లు ఆ జాబితాలో విడిగా లేనే లేవు. కాబట్టి ఆపరేషన్ నరం నొప్పి, కీమో తిమ్మిర్లు, లెట్రోజోల్ కీళ్ల నొప్పి, ఈ మూడింటినీ పక్కకు తీశాక కూడా మెడ, వీపు, నడుము, తొడలు రెండువైపులా తీపులుగా ఉంటే, నిద్ర పాడైతే, అప్పుడు ఆ పేరు నప్పుతుంది. ఇంకో జబ్బు ఉన్నంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా కాదని కూడా అనలేం, రెండూ ఉండొచ్చు.

ఆ పేరు పెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలు, లివర్ సంగతి చెప్పేది), సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తెలిపేది) చూడమని అడగండి. విటమిన్ డి తక్కువైతే 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి చొప్పున రాస్తారు. దాన్ని రోజుకొకటి తాగేసి కాల్షియం పెరిగి ఆస్పత్రిలో పడినవాళ్లున్నారు.

జబ్బు తిరగబెట్టిన నొప్పి తీరు వేరు. ఒకే ఎముకలో, ఒకే చోట, రోజురోజుకూ పెరుగుతూ, పడుకున్నా తగ్గక రాత్రి నిద్రలేపేది అనుమానించాలి. దానికి బోన్ స్కాన్‌, ఎమ్మారై అవసరమా అన్నది ఆంకాలజిస్టు చూస్తారు. వెన్నునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బిగిసినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

కీళ్ల నొప్పులకూ ఫైబ్రోమయాల్జియాకూ రెంటికీ పనికొచ్చేది నడక. లెట్రోజోల్ రకం మాత్రలు వాడేవాళ్ల మీద అమెరికాలో జరిగిన హోప్ అనే అధ్యయనం 2015లో వచ్చింది. అందులో 121 మంది, వారానికి 150 నిమిషాల వ్యాయామం, రెండుసార్లు బరువులతో కసరత్తు లక్ష్యం, ఏడాదికి నొప్పి స్పష్టంగా తగ్గింది. అమ్మగారిని అక్కడినుంచి మొదలుపెట్టించొద్దు. పూటకు ఐదు నిమిషాలు, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పోవాలి. అసలు చెడగొట్టేది బాగున్న రోజే: ఒళ్లు తేలిగ్గా ఉంది కదా అని ఇల్లంతా దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, మూడు రోజులు మంచం పట్టడం. బాగున్న రోజు కూడా నిన్నటంతే నడవాలి.

రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మింగడం ఫైబ్రోమయాల్జియాకు దండగ, కిడ్నీలకు చేటు. ప్రీగాబలిన్ రాస్తే మొదట్లో మత్తు, తూలుడు ఉంటాయి, రాత్రి పూట బాత్‌రూమ్‌కి తోడు వెళ్లండి. అది కాళ్లూ చేతులూ ఉబ్బించవచ్చు కూడా. రెండు చేతులూ సమంగా ఉబ్బితే మందును అనుమానించండి, ఆపరేషన్ వైపు చెయ్యి ఒక్కటే ఉబ్బితే లింఫెడీమా (నోడ్స్ తీయడం వల్ల నీరు చేరి వచ్చే వాపు) కోసం టేపుతో కొలిపించండి. ట్రమడాల్ అనే నొప్పి మందునూ డ్యులోక్సెటిన్‌నూ వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటే చీటీలు రెండూ ఒకరికే చూపించండి, కలిపితే సెరొటోనిన్ మరీ పెరిగి వణుకు, చెమటలు, గాభరా రావచ్చు.

ముందు ముందు లెట్రోజోల్ బదులు టామోక్సిఫెన్ అనే ఇంకో హార్మోన్ మాత్రకి మారిస్తే ఆ చీటీలు మళ్లీ చూపించాలి. పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు టామోక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపానికి మారకుండా గట్టిగా అడ్డుకుంటాయి, డ్యులోక్సెటిన్ కొంతవరకు అడ్డుకుంటుంది. అలాంటి మందే అయిన వెన్లాఫాక్సిన్‌తో ఆ బెడద తక్కువ.