సైకిల్ సందేహాలు: ఇంటిల్లిపాదీ బ్యాటరీ సైకిళ్లెక్కితే

ప్రశ్న: ఇంట్లో నలుగురం. నేను, మా వారు, పదకొండేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మామయ్యగారు. ఆదివారం ఉదయాలు అవుటర్ రింగు రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీదికి వెళ్దామని ఆశ. రెండు బ్యాటరీ సైకిళ్లు కొనగలం. మా వారు తనకొకటి, నాకొకటి అంటున్నారు. – ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: మీ వారి మాట కాస్త పక్కన పెట్టండమ్మా. మోటారు అవసరం కాళ్లలో బలం తక్కువున్నవాళ్లకి. ఒకటి మామయ్యగారికి, ఒకటి మీకు. బాగా తొక్కగలిగిన మీ వారు మామూలు గేర్ల సైకిల్ మీదే రావాలి. ఆయన మోటారు పెట్టుకుని 25 కి.మీ. వేగంతో ముందుకెళ్లిపోతే, చిన్న సైకిల్ మీద 10–12 కి.మీ. వేగంతో వచ్చే బాబు అరగంటలో విసిగిపోతాడు. చాలా ఇళ్లలో ఈ సరదా మూడో ఆదివారానికే ఆగిపోయేది ఇందుకే. పిల్లవాడి వేగమే అందరి వేగం అని బయల్దేరే ముందే అనుకోండి.

వరుస ఇలా: ముందు మీరు, మీ వెనక బాబు, ఆ వెనక మామయ్యగారు, అందరికంటే చివర మీ వారు. వెనకున్నవాళ్లకే అందరూ కనిపిస్తారు కాబట్టి ‘ఆగండి’ అనే కేక వాళ్లదే. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య కనీసం రెండు సైకిళ్ల పొడవు ఖాళీ ఉండాలి. బ్యాటరీ సైకిల్ 20–25 కిలోలు తూగుతుంది, మామూలు సైకిల్ ఆగినంత దగ్గర్లో ఆగదు.

ట్రాక్ మొత్తం 23 కి.మీ. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కి.మీ. మొదటి నెల చిన్న దారే చాలు. రానూపోనూ 17 కి.మీ. అవుతుంది, బాబుకి అదే ఎక్కువ. సగం దూరంలో వెనక్కి తిరిగినా తప్పులేదు. పైన సోలార్ కప్పు నీడనిస్తుంది గానీ ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరేలా చూసుకోండి. బ్యాటరీ సైకిళ్లను లోపలికి రానిస్తారో లేదో మొదటిసారి అక్కడి సిబ్బందిని అడిగాకే వెళ్లండి.

మామయ్యగారి విషయంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మన దగ్గర దొరికే తక్కువ ధర సైకిళ్లలో పెడల్ ఇరుసు దగ్గర అయస్కాంతాల బిళ్ల, దాని పక్కనే చిన్న సెన్సరు ఉంటాయి. పెడల్ తిరుగుతోందని అది పసిగట్టి మోటారుకి చెబుతుంది. కాలు ఎంత బలంగా నొక్కిందో దానికి తెలియదు. అందుకే తొక్కడం మొదలుపెట్టిన ఒకట్రెండు క్షణాలకి వెనకనుంచి ఎవరో తోసినట్టు సైకిల్ ఒక్క ఊపు ఊపుతుంది. పెద్దవాళ్లు పడేది అక్కడే. ఆగి ఉన్నప్పుడు కాలు పెడల్ మీద పెట్టకూడదు. రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి. మంచి సైకిళ్లలో బ్రేకు లివరు కాస్త నొక్కగానే మోటారు కరెంటు ఆగుతుంది. కొనేటప్పుడే వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పి, బ్రేకు వేలితో తాకి చూడండి. మోటారు మోత వెంటనే ఆగకపోతే ఆ సైకిల్ వద్దు. మొదటి రెండు వారాలు అసిస్టు, అంటే తొక్కుతుంటే మోటారు ఇచ్చే సాయం, ఒకటో నంబరు దాటించకండి. సైకిల్‌ని చేత్తో నడిపించేటప్పుడు స్విచ్చి ఆపేయాలి. హ్యాండిల్ పట్టుకున్న చేయి థ్రాటిల్‌ని (తొక్కకుండానే మోటారు నడిపే పిడి) తిప్పిందంటే సైకిల్ మనల్ని లాక్కుపోతుంది.

ప్రశ్న: మాది 36 వోల్టులు, 10.4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అమ్మినవాళ్లు 50 కి.మీ. పైనే వస్తుందన్నారు. బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్లి వస్తుంటే 28కే ఆగిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఛార్జి చూపే గీతలన్నీ పోయి, దిగాక మళ్లీ వస్తున్నాయి. బ్యాటరీ పాడైందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి బ్యాటరీ బాగానే ఉన్నట్టుంది, లెక్కే తప్పింది. 36ని 10.4తో గుణిస్తే సుమారు 374 వాట్-అవర్లు, బ్యాటరీలో పట్టే శక్తి అంత. అందులో వాడుకోగలిగేది 330 దాకా. తొక్కుతూ తక్కువ అసిస్టుతో వెళ్తే కిలోమీటరుకి 8–10 ఖర్చవుతుంది, అంటే 33–41 కి.మీ. తొక్కకుండా థ్రాటిల్ మీదే వెళ్తే 15–18, అంటే 18–22 కి.మీ. మీకు 28 వచ్చిందంటే కొంత తొక్కారు, కొంత తొక్కలేదు. అమ్మేవాళ్లు చెప్పే అంకె చదును రోడ్డు మీద, తేలికపాటి మనిషితో, గాలి లేనప్పుడు వచ్చేది.

గీతలు చూపించేది వోల్టేజిని. ఎత్తులో మోటారు ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి కాసేపు పడిపోతుంది, లాగడం తగ్గగానే లేస్తుంది. బ్యాటరీలో పది సెల్లులు వరుసగా ఉంటాయి, నిండినప్పుడు 42 వోల్టులు. 30 దగ్గరికి వస్తే లోపలి రక్షణ సర్క్యూట్ మొత్తం ఆపేస్తుంది. ఛార్జి సగానికి తగ్గాక నిటారు ఎత్తెక్కితే, చదునులో ఇంకా పది కిలోమీటర్లు రావలసిన బ్యాటరీ కూడా అక్కడే ఆగిపోవచ్చు. ఎత్తు రాకముందే చిన్న గేరు వేసి కాళ్లతో సాయం పట్టండి. చక్రంలోనే ఉండే హబ్ మోటారు నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగితే వేడెక్కుతుంది, మోటారుకి కరెంటు పంపే కంట్రోలరూ కాలిపోవచ్చు.

మీ ఊళ్లో ఇంకో సంగతి సముద్రపు గాలి. పొద్దెక్కేకొద్దీ అది పెరుగుతుంది, వెళ్లేటప్పుడు వీపు తట్టిన గాలి వచ్చేటప్పుడు ఎదురు నిలబడవచ్చు. అందుకే సగం ఛార్జి ఖర్చయ్యేదాకా ఆగకండి, మూడో వంతు ఖర్చు కాగానే వెనక్కి తిరగండి. వారానికోసారి టైరు గాలి గేజితో చూడండి. ఎంత ఉండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. 26 అంగుళాల చక్రాల, రెండంగుళాల వెడల్పు టైర్లకి మామూలుగా 40–50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). ఇంటికొచ్చాక తడిబట్టతో ఉప్పు తుడిచి, చైన్‌కి నూనె వేయాలి. నీళ్ల పైపుతో జోరుగా కొట్టి కడగకండి, వైరు జాయింట్లలోకి ఉప్పునీళ్లు దూరతాయి.

ప్రశ్న: మూడేళ్ల పాపని వెనక క్యారియర్ మీద సీటు బిగించి కూర్చోబెట్టవచ్చా? – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: క్యారియర్ మీద అచ్చువేసి ఉన్న అంకె చూడండి. 25 కిలోలని ఉంటే పాప, సీటు కలిపి అది దాటకూడదు. 10–15 కిలోల అంకె ఉన్నా, అసలు అంకె లేకపోయినా వద్దు. బ్యాటరీ క్యారియర్ కిందే ఉండే మోడళ్లలో చాలాసార్లు సీటు బిగించే చోటు దొరకదు, బలవంతంగా బోల్టులు దించకండి.

అన్నిటికంటే ముందు పాప పాదాలు. చిన్నపిల్లల కాలు స్పోకుల్లో పడితే గాయం మామూలుగా ఉండదు, మడమ చర్మం ఊడివస్తుంది. సీటుకి కాళ్ల పక్క గోడలు, పాదాల పట్టీలు ఉండాలి. వెనక చక్రం రెండు వైపులా జల్లెడలాంటి గార్డు వేయించండి, మీ చీర కొంగుకీ చున్నీకీ కూడా అదే రక్ష. స్టాండు మీద నిలబెట్టిన సైకిల్‌పై పాపని వదిలి గేటు తీయడానికి కూడా వెళ్లొద్దు. ఇంకొకరు హ్యాండిల్ పట్టుకున్నాకే ఎక్కించాలి. హెల్మెట్ తప్పనిసరి. కునుకు పట్టి తల వాలిపోతోందంటే ఆపేయాలి.

ప్రశ్న: వెనక చక్రంలో మోటారుంది. పంక్చరైతే షాపతను వైర్లు చూసి ముట్టుకోలేదు. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలాసార్లు చక్రం విప్పక్కర్లేదండీ. స్విచ్చి ఆపి, బ్యాటరీ తీసేసి, సైకిల్‌ని వైరున్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. చక్రం తిప్పుతూ మేకో తుమ్మముల్లో వెతికి, ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. మిగిలిన గాలంతా తీసేసి, గుర్తుకి అటూ ఇటూ రెండు లివర్లతో టైరు అంచు లేపండి. ట్యూబులో అక్కడి భాగం మాత్రమే బయటికి లాగి, కాస్త గాలి పెట్టి, నీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. తుడిచి, ఆరాక, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి ఐదు నిమిషాలు ఆగండి. వేలికి అంటకుండా ఆరాకే ప్యాచ్ వేయాలి. తడిమీద వేసిన ప్యాచే ఊడేది. టైరు లోపల గుడ్డతో తడమండి, ముల్లు మొన అక్కడే ఉంటే ఇంటికి చేరేలోపే మళ్లీ గాలి పోతుంది.

ట్యూబే మార్చాలంటే మాత్రం చక్రం విప్పాలి. మోటారు వైరు జాయింటుని తిప్పకుండా నేరుగా లాగండి, మళ్లీ పెట్టేటప్పుడు రెండు బాణం గుర్తులు కలవాలి. నట్లు ఎక్కువగా 18 నంబరు పానాకి వస్తాయి. విప్పే ముందు వాషర్ల వరుస ఫోన్లో ఫొటో తీసుకోండి. పన్ను ఉన్న వాషరొకటి ఉంటుంది, అది ఫ్రేము గాడిలో కూర్చుంటేనే ఇరుసు తిరగకుండా ఆగుతుంది. దాన్ని మరిచిపోతే మొదటి ఎత్తులోనే ఇరుసు తిరిగి వైరు తెగుతుంది. ఇరవై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి.

ప్రశ్న: లైసెన్సు, నంబరు ప్లేటు కావాలా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కి.మీ. లోపు ఉంటే అక్కర్లేదు. లాక్ తీసి స్పీడు పెంచిస్తామనే షాపుల మాట వినకండి. అలా మార్చాక అది మోటారు వాహనం కిందికి వస్తుంది, బ్రేకులూ ఆ వేగానికి చాలవు.

ప్రశ్న: ఎండాకాలం రెండు నెలలు ఊరెళ్తాం. బ్యాటరీని ఛార్జింగులోనే పెట్టి వెళ్లాలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అస్సలు వద్దమ్మా. నిండా ఛార్జి చేసి వేడిగదిలో వదిలితే లిథియం సెల్లులు త్వరగా ముసలివవుతాయి, పూర్తిగా ఖాళీగా వదిలితే మళ్లీ లేవకపోవచ్చు. సగం ఛార్జితో సైకిల్‌నుంచి తీసి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, అలమరా కింది అరలో పెట్టండి. మేడమీది గదీ, కారు డిక్కీ పనికిరావు. వచ్చాక ముందు చేత్తో తడిమి చూడండి. డబ్బా ఉబ్బినా, తీపి వాసన వచ్చినా ప్లగ్గు పెట్టకుండా సర్వీసు సెంటరుకి చేర్చండి. బాగుంటే దానితో వచ్చిన ఛార్జరుతోనే, మెట్ల దారికీ పరుపులకీ దూరంగా, మీరు మెలకువగా ఉన్నప్పుడు ఛార్జి చేయండి. 2 ఆంపియర్ల ఛార్జరైతే 10.4 బ్యాటరీకి ఐదారు గంటలు పడుతుంది. తొక్కివచ్చిన వెంటనే పెట్టకుండా అరగంట చల్లారనివ్వండి.