తప్పు ఒప్పుకుంటే చిన్న శిక్షతో వదిలేస్తారా? సైన్యంలో ఉన్న తమ్ముడి గురించి అడిగిన అక్కకు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు లాన్స్ నాయక్, అంటే సిపాయికి ఒక మెట్టు పైన. యూనిట్‌లో డీజిల్ లెక్క చూస్తున్నాడు. లెక్కలో తేడా వచ్చింది, కోర్టు ఆఫ్ ఎంక్వైరీ, అంటే ఏం జరిగిందో తేల్చే సైన్యం లోపలి విచారణ, అయిపోయింది. ఇప్పుడు పైవాళ్లు "ఒప్పుకో, చిన్న శిక్షతో పోతుంది" అంటున్నారు. ఊళ్లో తెలిసిన క్రిమినల్ లాయరును పంపితే పని జరుగుతుందా అని మీరు అడిగారు.

లాయరు సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ రాత్రే అతనికి ఫోను చేయండి. చదివి అర్థం చేసుకోని ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దనీ, ఎవరో చెప్పారని "గిల్టీ" అనవద్దనీ చెప్పండి. నిజంగానే తీసి ఉంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది అతని మనస్సాక్షికి సంబంధించిన విషయం, దానిలో నేను తలదూర్చను. తీయకపోతే మాత్రం, గొడవ తొందరగా ముగుస్తుందని ఒప్పుకోవడం కంటే పెద్ద పొరపాటు ఉండదు.

నేను లాయరును కాను. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చినవాణ్ణి. 2011లో నాయక్‌గా ఉన్నప్పుడు మీ తమ్ముడు నిలబడిన చోటే నేనూ నిలబడ్డాను. అప్పుడు నాది బట్టల స్టోరు. నాకు ముందున్నవాడు బదిలీ మీద వెళ్తూ, సాయంత్రం బండి అందుకోవాలన్న తొందరలో లెడ్జరు నా చేతిలో పెట్టి "అన్నీ ఉన్నాయి భాయ్, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. ఐదు నెలల తరువాత స్టాకు లెక్కపెడితే పదకొండు స్లీపింగ్ బ్యాగులు తక్కువ. లెడ్జరులో ఉన్నది నా సంతకం.

కోర్టు ఆఫ్ ఎంక్వైరీకి నన్ను సాక్షిగానే పిలిచారు. మిగతా సాక్షులు లోపల మాట్లాడుతున్నంతసేపూ నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. అలా కూర్చోబెట్టడమే తప్పని నాకు అప్పుడు తెలియదు. ఆర్మీ రూల్స్, 1954లో 180వ నియమం ఉంది. విచారణ వల్ల ఎవరి నడవడికకో, సైనికుడిగా వారి పేరుకో మచ్చ వచ్చే అవకాశం ఉంటే, ఆ మనిషి విచారణ మొదటి నుంచి చివరిదాకా అక్కడ ఉండవచ్చు. సాక్షులను ప్రశ్నించవచ్చు, తన సాక్షులను పిలిపించుకోవచ్చు. మీ తమ్ముడికి ఈ అవకాశం ఇచ్చారో లేదో అడగండి. ఇవ్వకపోతే ఆ సంగతి తేదీలతో సహా రాసి పెట్టుకోమనండి. ఇంకో మాట. కోర్టు ఆఫ్ ఎంక్వైరీలో అతను భయపడి ఏదైనా ఒప్పుకున్నా, 182వ నియమం ప్రకారం ఆ మాటలను కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక న్యాయస్థానంలో, అతనికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడకూడదు. "అక్కడ ఒప్పుకున్నావు కదా, ఇక్కడ కాదంటే ఎలా" అని ఎవరైనా బెదిరిస్తే బెదరవలసిన పని లేదు.

తరువాతి మెట్టు యూనిట్‌కు అధిపతి అయిన కమాండింగ్ ఆఫీసర్ ముందు హాజరు. దీన్ని బయటివాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. టోపీ, బెల్టు తీయించి, ఇద్దరు ఎస్కార్టుల మధ్య కవాతు చేయిస్తూ గదిలోకి తీసుకెళ్తారు. 22వ నియమం ప్రకారం అక్కడ సాక్షులను నిందితుడు ప్రశ్నించవచ్చు. ఆ ఆఫీసరే అభియోగాన్ని అప్పటికప్పుడు కొట్టివేయవచ్చు కూడా. నన్ను సాహెబ్ "కోయీ సవాల్?" అని అడిగారు. "నహీ సాహబ్" అన్నాను. అంతే, నిమిషం పట్టలేదు. పదిహేనేళ్ల సర్వీసులో నా నోటికి అలవాటైన జవాబు అదొక్కటే. సైన్యం మాకు నేర్పిన క్రమశిక్షణే ఆ గదిలో మా మెడకు చుట్టుకుంటుంది. ధైర్యం లేక కాదు. ఆఫీసరును ఎదురు ప్రశ్నించడం అవిధేయత అని ఒళ్లంతా నిండిపోయి ఉంటుంది.

నన్ను కాపాడింది మా కంపెనీలోని ఒక తమిళ సుబేదార్ సాహెబ్. ఆయన రాత్రి మెస్ వెనక నన్ను నిలబెట్టి, "రేపటి నుంచి సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ రాస్తారు. నీ కోర్టు అదే. తరువాత జరిగేదంతా ఆ కాగితాలను చదవడమే" అన్నారు. ఆయన మాట చాలావరకు నిజం. అందులో సాక్షుల మాటలు నిందితుడి ఎదుటే రాస్తారు. అతను వారిని ప్రశ్నించవచ్చు, ఆ జవాబులు కూడా రికార్డులోకి ఎక్కుతాయి. చివర నిందితుణ్ణి అడుగుతారు: ఏమైనా చెప్పదలచుకున్నావా, చెప్పి తీరాలన్న బలవంతం లేదు, చెబితే రాసుకుంటాం, అది నీకు వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చు. ఈ హెచ్చరికను గబగబా చదివేస్తారు. దాన్ని మన భాషలో నెమ్మదిగా చెప్పమని అడిగితే ఎవరూ కాదనకూడదు.

సుబేదార్ సాహెబ్ నాకు మూడు ప్రశ్నలు హిందీలో బట్టీ పట్టించారు. స్టోరు అప్పగించినప్పుడు సరుకు ఎవరి ముందు లెక్కపెట్టారు? రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? అప్పగింతకు ముందు చివరిసారి స్టాకు తనిఖీ ఎప్పుడు జరిగింది? యూనిట్ సరుకుల బాధ్యత చూసే క్వార్టర్‌మాస్టర్ హవల్దారును నా వచ్చీరాని హిందీలో ఈ మూడే అడిగాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. మొదటిదానికి "ఎవరి ముందూ కాదు" అన్నాడు. రెండోదానికి చాలాసేపు మాట్లాడలేదు. మూడోదానికి చెప్పిన తేదీ నేను ఆ యూనిట్‌కు రాకముందుది. ఆ మూడు జవాబులు కాగితం మీదికి వచ్చాక దొంగతనం ఆరోపణ నిలవలేదు. లెక్కపెట్టకుండా సంతకం పెట్టిన నిర్లక్ష్యానికి నాకు సివియర్ రిప్రిమాండ్, అంటే తీవ్రమైన మందలింపు, ఇచ్చారు. సర్వీసు రికార్డులో శిక్షగా రెడ్ ఇంకు ఎంట్రీ పడింది, ప్రమోషను వెనక్కి పోయింది. అది నాకు తగినదే, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

మీ తమ్ముడి విషయంలో అడగవలసిన ప్రశ్నలు అతనికే తెలుస్తాయి. డీజిల్ అయితే ట్యాంకులో ఎంతుందో చూసే డిప్ రాడ్ కొలత ఎవరు తీశారు, బండ్ల లాగ్‌బుక్కులో సంతకాలు ఎవరివి, ఇష్యూ వోచర్లు అన్నీ ఉన్నాయా, ఇలాంటివి. నాలుగైదు చాలు. ఎక్కువ అడిగితే సాక్షికి సర్దుకునే సందు దొరుకుతుంది.

ఇక లాయరు. అది ఏ కోర్టు మార్షల్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆర్మీ చట్టం, 1950లో నాలుగు రకాలు ఉన్నాయి. జనరల్, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్, సమ్మరీ. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు, డిస్ట్రిక్ట్‌లో కనీసం ముగ్గురు కూర్చుంటారు. ఈ రెండింటిలోనూ నిందితుడి తరఫున వాదించడానికి డిఫెండింగ్ ఆఫీసరు ఉంటారు. అనుమతి తీసుకుని బయటి లాయరు కూడా వాదించవచ్చు. డిఫెండింగ్ ఆఫీసరు ఉచితం. తన పనుల మధ్య తీరిక చేసుకుని వచ్చే కెప్టెన్‌కు చట్టం అంతగా తెలియకపోవచ్చు, కానీ స్టోరు ఎలా నడుస్తుందో తెలుసు. లెక్కల కేసుల్లో అది తక్కువేమీ కాదు. వీలైతే ఇద్దరినీ పెట్టుకోవాలి.

మీ తమ్ముడి హోదాకు, ఈ ఆరోపణకు సమ్మరీ కోర్టు మార్షల్ పెట్టే అవకాశమే ఎక్కువ. అక్కడ కమాండింగ్ ఆఫీసరు ఒక్కరే న్యాయస్థానం. ఇంకో ఇద్దరు కూర్చుంటారు గానీ తీర్పులో వారికి పాత్ర లేదు. లెఫ్టినెంట్ కల్నల్, ఆ పై హోదా అయితే ఏడాది వరకు జైలు వేయవచ్చు. సర్వీసు నుంచి డిస్మిస్ చేయవచ్చు. పై అధికారి ధ్రువీకరించవలసిన అవసరం లేకుండా శిక్ష వెంటనే అమలవుతుంది. లాయరును తోడు తెచ్చుకోవచ్చు కానీ, 129వ నియమం ప్రకారం ఆయన పక్కన కూర్చుని చెవిలో సలహా చెప్పాలే తప్ప కోర్టుతో మాట్లాడకూడదు, సాక్షిని ప్రశ్నించకూడదు. మీ ఊరి లాయరు ఎంత గొంతున్నవాడైనా అక్కడ మౌనమే. సైనిక కేసులు చూసిన లాయరు దొరికితే, ఇప్పుడే, కోర్టు పెట్టకముందే, కాగితాలు చూపించి ప్రశ్నలు రాయించుకోండి. డబ్బు అక్కడ ఖర్చు పెట్టండి.

"ఒప్పుకో, చిన్న శిక్ష" అన్న మాట ఎక్కడ దెబ్బ కొడుతుందో చెబుతాను. గిల్టీ అంటే సాక్షులను పిలవరు. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ చదివి శిక్ష వేస్తారు. మా పక్క కంపెనీ కుర్రాడు ఒకడు ఇదే మాట నమ్మి ఒప్పుకున్నాడు. పద్నాలుగేళ్ల సర్వీసు. డిస్మిస్ అయ్యాడు. డిస్మిస్ అంటే పింఛను కూడా పోయినట్టే. అతనికి చిన్న శిక్ష అని చెప్పినవాళ్లలో ఒక్కరూ శిక్ష వేసే కుర్చీలో లేరు. నిజానికి 115వ నియమం ప్రకారం, ఒప్పుకోలు రాసుకునే ముందు దాని ఫలితం ఏమిటో నిందితుడికి అర్థమయ్యేలా చెప్పాలి. కాగితాలు చూస్తే నేరం చేయనట్టు కనిపిస్తే ఒప్పుకోలు వెనక్కి తీసుకోమని సలహా ఇవ్వాలి. అతని కేసులో ఇవేవీ జరగలేదని సైనికుల అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌లో తేలేసరికి నాలుగేళ్లు పట్టింది. ఈలోగా వాళ్ల నాన్న పోయాడు.

పైవాళ్లు ఆశ పెట్టో బెదిరించో ఒప్పించిన నేరాంగీకారం చెల్లదని సాక్ష్య చట్టమే చెబుతుంది, ఆ చట్టం కోర్టు మార్షల్‌కూ వర్తిస్తుంది. అందుకే ఆ మాట ఎవరు, ఏ రోజు, ఎవరి ముందు అన్నారో మీ తమ్ముడు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఫోనులో ఎవరినీ రికార్డు చేయవద్దని చెప్పండి. యూనిట్ లోపల ఫోనుతో అలాంటి పని చేస్తే అదే ఇంకో ఛార్జి అవుతుంది.

ఛార్జిషీటు చేతికి ఇచ్చాక విచారణకు కనీసం 96 గంటల వ్యవధి ఉండాలి. యుద్ధ విధుల్లో ఉంటే 24 గంటలు. దానితోపాటు సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ నకలు అడిగి తీసుకోవాలి. క్వార్టర్ గార్డులో, అంటే యూనిట్ కాపలా గదిలో, నిర్బంధించి ఎనిమిది రోజులైనా కోర్టు పెట్టకపోతే, ఆలస్యానికి కారణం కమాండింగ్ ఆఫీసరు పైవారికి రాయాలి. ప్రతి ఎనిమిది రోజులకూ మళ్లీ రాయాలి.

"పోలీసు కేసైతే బాగుండేది కదా" అని కూడా మీరు రాశారు. ఇది యూనిట్ సొత్తు, యూనిట్‌లోనే చూస్తారు. సెలవులో ఊళ్లో గొడవ లాంటిది వేరు, అక్కడ మామూలు కోర్టుకు పోయే అవకాశం ఉంటుంది. పౌరులపై హత్య, అత్యాచారం లాంటివైతే కొన్ని మినహాయింపులు తప్ప కోర్టు మార్షల్ విచారించకూడదు. మీకు అది అవసరం లేదు.

శిక్ష పడితే దారి మూసుకుపోదు. ఆర్మీ చట్టం 164వ సెక్షన్ కింద పై అధికారులకు పిటిషన్ పెట్టుకోవచ్చు. 2009 నుంచి సాయుధ బలగాల ట్రిబ్యునల్ పనిచేస్తోంది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. అయితే సమ్మరీ కోర్టు మార్షల్ మీద అప్పీలు డిస్మిస్ అయినప్పుడో, మూడు నెలలకు మించి జైలు పడినప్పుడో మాత్రమే. ట్రిబ్యునల్ బెయిలు కూడా ఇవ్వగలదు.

మీ తమ్ముడికీ కమాండింగ్ ఆఫీసరుకూ పాత విభేదాలు ఉంటే అది లాయరుకు తప్పక చెప్పండి. రంజిత్ ఠాకూర్ అనే సిగ్నల్‌మన్ కేసు ఉంది. తనపై అధికారి గురించి నేరుగా పైకి ఫిర్యాదు పంపాడు, దానికి జైలు పడింది. ఆ జైల్లో ఉండగా అన్నం తినమన్న ఆజ్ఞను కాదన్నాడని, ఏ అధికారి మీద ఫిర్యాదు చేశాడో ఆయనే సమ్మరీ కోర్టు మార్షల్‌లో కూర్చుని ఏడాది జైలు, డిస్మిస్ వేశారు. 1987లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పక్షపాతం ఉన్నవాడు న్యాయమూర్తిగా కూర్చోకూడదంది, శిక్ష తప్పుకు మించిపోయిందంది. కానీ ఇలాంటి గెలుపు కోసం ఆగేలోపు ఇల్లు గడవాలి. అందుకే మొదటి కాగితం దగ్గరే జాగ్రత్త పడమని ఇంత పొడవుగా రాశాను.

మీరు ఫోను చేసినప్పుడు మొదట అడగవలసింది ఇదీ: సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ మొదలైందా, లేదా? మొదలుకాకపోతే ప్రశ్నలు తయారు చేసుకోవడానికి సమయం ఉంది. అయిపోయి ఉంటే, అందులో తాను చివర ఏమి చెప్పాడో మాట మాటకూ గుర్తు చేసుకుని రాసి పంపమనండి. అది తెలిస్తే నాకు చేతనైనంత చెబుతాను.