లిక్విడ్ కూలర్‌లో నీళ్లు చల్లగా ఉండవు

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 7 7700 ప్రాసెసర్ ఉంది, దాన్ని చల్లబరచడానికి బాక్సులో దాంతో పాటు వచ్చిన కూలరే వాడుతున్నాను. గదిలో ఏసీ లేదు. ఎండలు ముదిరినప్పటి నుంచి ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రాసెసర్ వేడి 93, 94 డిగ్రీల దాకా పోతోంది, ఫ్యాన్ మోత భరించలేకపోతున్నాను. షాపులో 240 లిక్విడ్ కూలర్ (240 మిల్లీమీటర్ల రేడియేటర్, అంటే వేడిని గాలికి వదిలే జాలీ ఉండేది) వేయించుకోమన్నారు, నీళ్లుంటాయి కాబట్టి ఎండాకాలం ఢోకా ఉండదట. అంత ఖర్చు పెట్టాలా, ప్రాసెసర్ మీద బిగించే ఫ్యాన్ ఎయిర్ కూలర్ సరిపోతుందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సరిపోతుందండీ. మీ ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ అక్కర్లేదు.

నీళ్లుంటే చల్లగా ఉంటుందని మనం ఇట్టే నమ్మేస్తాం, ఎందుకంటే మనకు తెలిసిన చల్లదనం మట్టికుండది, కిటికీ దగ్గర పెట్టుకునే కూలర్‌ది. కుండలో నీళ్లు మట్టి రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంటాయి, అందుకే మిగిలినవి బయటి గాలికన్నా చల్లబడతాయి. లిక్విడ్ కూలర్‌లో అలా జరగదు. అది సీలు వేసిన గొట్టాల్లో తిరిగే ద్రవం, ప్రాసెసర్ మీది రాగి పలక దగ్గర వేడి అందుకుని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది, అక్కడ ఆ వేడిని తీసేది మళ్లీ ఫ్యాన్ గాలే. గది 40 డిగ్రీలుంటే ఆ ద్రవం 40 కన్నా కిందికి ఎప్పటికీ రాదు. ఆ మాటకొస్తే ఎయిర్ కూలర్‌లో వేడిని మోసే గొట్టాల్లోనూ, అంటే హీట్ పైపుల్లోనూ కాసిన్ని నీళ్లుంటాయి, ప్రాసెసర్ వైపు ఆవిరై, పల్చటి లోహపు రెక్కల వైపు మళ్లీ నీరై, పంపు లేకుండానే వెనక్కి వస్తాయి.

అసలు చూడాల్సింది వాట్లు. 7700 మీద 65 వాట్లని రాసి ఉన్నా పూర్తి లోడ్‌లో 88 దాకా తీసుకుంటుంది, ఈ మాత్రం వేడికి నాలుగు హీట్ పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న డీప్‌కూల్ ఏకే400 లాంటి టవర్ (నిలువుగా ఉండే ఎయిర్ కూలర్) చాలు. మోత ఇంకా తగ్గాలనుకుంటే రెండు టవర్లుండే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 చూడండి. ఏది కొన్నా ముందు మీ కేబినెట్‌లో ఎంత ఎత్తు పడుతుందో కొలుచుకోండి, ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 అయితే 165. ఇదే మీరు 253 వాట్ల దాకా లాగే ఇంటెల్ ఐ7-14700కె కొని గంటల తరబడి రెండర్ (ఎక్స్‌పోర్ట్ లాంటి బరువైన పని) పెడతానంటే, 360 రేడియేటర్ తీసుకోమని నేనే చెప్పేవాణ్ని. ఒక్క ఫ్యాన్ 120 లిక్విడ్ కూలర్ మాత్రం ఎవరికీ చెప్పను, మంచి టవర్ కన్నా అది చేసేదేమీ లేదు.

షాపులో ఐదు నిమిషాల టెస్ట్ చూసి మోసపోవద్దు. ద్రవం వేడెక్కడానికి టైం పడుతుంది కాబట్టి మొదట్లో అంకెలు చాలా బాగుంటాయి, అరగంట తర్వాత చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. మీ ఎక్స్‌పోర్ట్‌లు ఐదు నిమిషాల్లో అయ్యేవి కాదు కదా.

ఇంకొకటి, ఇది నాకు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మూడేళ్ల కిందట నా లిక్విడ్ కూలర్ పంపు ఒక రాత్రి రెండర్ మధ్యలో ఆగిపోయింది, వారంటీలో కొత్తది వచ్చేసరికి ఇరవై రోజులు పట్టింది. ముహూర్తాల సీజన్‌లో మీకలా అయితే? టవర్ కూలర్‌లో పోయేది ఫ్యాన్ ఒక్కటే, ఏ షాపులోనైనా ఇంకోటి తెచ్చి గంటలో పనిలో కూర్చోవచ్చు.

94 చూసి టెన్షన్ పడకండి, ఆ ప్రాసెసర్ హద్దు 95, అక్కడికి రాగానే అదే వేగం తగ్గించుకుంటుంది. కొనేలోపు దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) కరెంటు తక్కువ వాడుకునే ఎకో మోడ్ పెట్టి చూడండి. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలి నేరుగా కేబినెట్ మీదకి తిప్పకండి, తుంపర, తేమ బోర్డుకి మంచివి కావు.

ప్రశ్న: ఈమధ్యే 240 లిక్విడ్ కూలర్ పెట్టించాను. ఆన్ చేయగానే గుడగుడమని శబ్దం వస్తోంది. లీక్ అవుతోందా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లీకైతే తడి కనిపిస్తుందమ్మా, ముందు టార్చి వేసి గొట్టాల మొదళ్లు చూడండి. తడి లేకపోతే ఆ శబ్దం లోపలి గాలి బుడగది. గాలి ఎప్పుడూ పైకి చేరుతుంది, పంపు ఉండేది చాలావరకు ప్రాసెసర్ మీది బ్లాక్‌లోనే, కాబట్టి రేడియేటర్ పై అంచు దానికన్నా ఎత్తులో ఉండాలి. కేబినెట్ పైభాగంలో బిగిస్తే అన్నిటికన్నా మంచిది. రేడియేటర్ అడుగున బిగించారేమో చూడండి, అలాగైతే వెంటనే మార్పించండి, గాలి పంపులో చేరితే అది త్వరగా పాడవుతుంది.